నిలువెత్తు అస్థిపంజరం మోడల్: వెన్నెముక భేష్, మణికట్టు నిరాశ

నేను ఫిజియోథెరపిస్టుని. నడుం నొప్పి, మెడ నొప్పితో వచ్చేవాళ్లు, తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్లే నా దగ్గర ఎక్కువ. గోడ మీది చార్టు చూపించి చెప్తే వాళ్లకు సగమే అర్థమయ్యేది. అందుకని ఆన్‌లైన్‌లో నిలువెత్తు ప్లాస్టిక్ అస్థిపంజరం తెప్పించాను. కొనే ఆలోచనలో ఉన్న తోటి ఫిజియోలకు, బయాలజీ టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఎత్తు 170 సెంటీమీటర్లు. కింద చక్రాల స్టాండు ఉంటుంది. చేతులు, కాళ్లు, పుర్రె ఊడదీసి మళ్లీ తగిలించుకోవచ్చు. డబ్బా విప్పగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంది, కిటికీలు తీసి ఉంచితే కొన్నాళ్లకు పోయింది. బిగించడం ఏమంత కష్టం కాదు.

పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది మాత్రం వెన్నెముకే. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 పూసలు విడివిడిగా ఉన్నాయి. మధ్యలో మెత్తటి డిస్కులు ఉండటంతో వంచితే చక్కగా వంగుతుంది. నడుం దగ్గర ఒక డిస్కు ఎర్రగా బయటికి పొడుచుకొచ్చి, పక్కనున్న పసుపు రంగు నరాన్ని నొక్కుతూ కనిపిస్తుంది. "జబ్బు నడుంలో ఉంటే పిక్క ఎందుకు లాగుతోందండీ?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన వేలు ఆ నరం మీద పెట్టించి, అది కాల్లోకి ఎలా దిగుతుందో కింది దాకా చూపించాను. అంతే, వ్యాయామం ఎందుకు చెయ్యాలో ఆయనకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

చేతుల దగ్గరకు వచ్చేసరికి కంపెనీవాళ్లు చేతులెత్తేశారు. మణికట్టు నుంచి వేళ్ల దాకా ఒక్కో చేతికి 27, ఒక్కో పాదానికి 26 ఎముకలు. నాలుగూ కలిపితే 106, అంటే పెద్దవాళ్ల ఒంట్లో ఉండే 206లో సగానికి పైనే. అలాంటిది మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్నీ ఒకే ముద్దగా పోత పోశారు. వేళ్లు కదులుతాయి, మణికట్టు కదలదు. భుజం రెక్క ఎముకను పక్కటెముకలకు స్క్రూతో బిగించేశారు. మనం చెయ్యి పైకెత్తితే ఆ ఎముక వీపు మీద జారుతూ తిరగాలి. భుజం పట్టేసినవాళ్లకు ముందుగా చూపించాల్సిందే అది. డబ్బా మీద 206 ఎముకలూ ఉన్నాయని రాశారు కానీ గొంతులోని హయాయిడ్ ఎముక లేదు, చెవి లోపలి బుల్లి ఎముకలూ లేవు.

వీటన్నిటితోనూ సర్దుకోవచ్చు. నాకు అసలు ఇబ్బంది వేరే ఉంది. ఈ తెల్లటి గట్టి ప్లాస్టిక్‌ను చూసినవాళ్లు ఎముకంటే ఒకసారి పెరిగాక ఇక మారని వస్తువు అనుకుంటారు. నిజానికి ఎముకను తొలిచే కణాలు, కొత్తగా కట్టే కణాలు మన ఒంట్లో రోజూ పనిలోనే ఉంటాయి. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు 10 శాతం అలా కొత్తదవుతుంది. చిన్నప్పటి నుంచి ముప్ఫయ్యో ఏడు దగ్గరపడే దాకా కట్టడానిదే పైచేయి. ఆ తర్వాత మెల్లగా తొలవడానిది అవుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, కొన్నేళ్లపాటు ఎముక మరీ వేగంగా పోతుంది. అప్పుడు నొప్పి ఏమీ తెలియదు, నాకు భయం వేసేది అందుకే. కిందపడి మణికట్టో తుంటో విరిగాకే చాలామందికి సంగతి బయటపడుతుంది.

ఇది చూపించడానికి నిలువునా కోసిన తొడ ఎముక మోడల్ విడిగా కొన్నాను. ఒక పక్క ఆరోగ్యంగా ఉన్నది, ఇంకో పక్క ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) వచ్చినది. చిన్నదే అయినా దీనికే నా ఓటు. బాగున్న తొడ ఎముకలో తుంటి కీలు కిందుండే మెడ లాంటి భాగంలో సన్నటి పలకలు తేనెపట్టులా అల్లుకుని, బరువు దిగే దారి వెంబడే వంపు తిరిగి ఉంటాయి. రెండో దాంట్లో ఆ పలకలు తెగిపోయి, మధ్యలో ఖాళీలు పెద్దవయ్యాయి, పైపెంకు కూడా పలచబడింది. మీద పడే బరువును బట్టి ఎముక తనను తాను మార్చుకుంటుందని జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లోనే రాశాడు. బరువు తెలియని అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు 1 శాతం పైనే ఎముక తగ్గుతుంది. "కాల్షియం మాత్రలు వేసుకుంటున్నాను కదా, నడక ఎందుకు?" అనేవాళ్లకు నేనిప్పుడు ఈ మోడల్ చేతికిచ్చి ఇదంతా చెప్తున్నాను. కాల్షియం, విటమిన్ డి, ప్రొటీన్ కావాల్సిందే. దాంతోపాటు కాళ్ల మీద బరువు పడే నడక, మెట్లు ఎక్కడం, కండరాలకు పని చెప్పే వ్యాయామం కూడా ఉండాలి. ఈతా, సైకిలూ గుండెకు మంచివే కానీ ఎముక మీద అంత బరువు పెట్టవు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టులో టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నవాళ్లకు, అంటే ఆస్టియోపోరోసిస్ ఉన్నవాళ్లకు మాత్రం ఏ వ్యాయామం చెయ్యాలో, ఏది మానాలో విడిగా చూసి చెప్పాలి. వెన్ను బాగా ముందుకు వంచేవి వాళ్లకు వద్దంటాను.

డిస్కు, నరాల సమస్యలు ఎక్కువగా చూసేవాళ్లు పెద్ద మోడల్ నిశ్చింతగా తీసుకోవచ్చు. చేతి థెరపీ చేసేవాళ్లు మణికట్టు ఎముకలు విడివిడిగా తీగకు గుచ్చిన మోడల్ కోసం వెతుక్కోండి. మీ దగ్గరకు వచ్చేవాళ్లలో యాభై దాటిన ఆడవాళ్లు ఎక్కువైతే ముందు కోసిన తొడ ఎముకే కొనండి, నిలువెత్తుది తర్వాత చూసుకోవచ్చు. పెద్దది కొనేటప్పుడు స్టాండు చక్రాలకు బ్రేకులు ఉన్నాయో లేదో అడగండి. నాకు వచ్చినదానికి లేవు, పేషెంటు చెయ్యి వేస్తే పక్కకు జారిపోతోంది.