సాయంత్రం ఆరింటికి చూసి ఎంచుకున్న సంరక్షణ కేంద్రం

ఆల్జైమర్స్ వ్యాధి ఉన్న మా అమ్మను హైదరాబాదు శివార్లలోని ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చి ఎనిమిది నెలలైంది. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నందున దాని పేరు రాయడం లేదు. అంతకుముందు చూసిన రెండింటికీ ఉదయం పదకొండింటికే వెళ్లాము. ఆ వేళకు స్నానాలు, టిఫిన్లు అయిపోయి అందరూ నెమ్మదిగా కూర్చుని ఉంటారు కాబట్టి ఏ కేంద్రమైనా బాగానే కనిపిస్తుంది. ఈ వ్యాధి పెట్టే అసలు ఇబ్బంది పొద్దు వాలాక తెలుస్తుంది. వెలుగు తగ్గేకొద్దీ అలజడి, అనుమానం, ఇంటికి వెళ్లిపోవాలన్న ఆరాటం పెరగడాన్ని వైద్యులు సన్‌డౌనింగ్ అంటారు.

అందుకే ఆ రెండింటిలో మాకు నచ్చినదానికి మరోసారి సాయంత్రం వెళ్లాము. ఆరున్నరకే అందరూ మత్తుగా పడుకుని ఉన్నారు. డిమెన్షియా (ఆల్జైమర్స్ లాంటి జబ్బులతో జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినడం) ఉన్న వృద్ధులలో, అలజడిని అణచడానికి వాడే, మత్తు కలిగించే యాంటీసైకోటిక్ మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరైనప్పుడు డాక్టరు కొద్ది మోతాదులో రాయడం వేరు, సిబ్బంది వీలు కోసం రోజూ వేయడం వేరు. అక్కడ ఏ మాత్ర వేస్తున్నారని అడిగితే సూటిగా జవాబు రాలేదు.

ఇప్పుడున్న చోటికి చెప్పకుండా ఆరింటికి వెళ్లేసరికి ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలబడి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది, పోనివ్వమని గొడవ చేస్తున్నారు. మీ పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయ్యారని ఆయా వాదించలేదు. "వాళ్లొచ్చేసరికి కూర అవ్వాలి కదమ్మా, కాస్త ఈనెలు తీసిపెట్టండి" అంటూ చిక్కుడుకాయల పళ్లెం చేతికిచ్చింది. పది నిమిషాల్లో ఆవిడ కుదుటపడ్డారు. మా నిర్ణయం అక్కడే అయిపోయింది. ఆ మాట తెలుగులో అనగలగడం కూడా చిన్న విషయం కాదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో ఇంగ్లీషు, హిందీ మాట్లాడిన మా అమ్మకు ఇప్పుడు మిగిలింది తెనాలి తెలుగొక్కటే.

నేల విషయంలోనూ శ్రద్ధ కనిపించింది. మెరిసే టైల్స్ ఈ రోగులకు నీళ్లలా, కాళ్లు తుడుచుకునే నల్లని పట్టా గోతిలా అనిపించి అడుగు వేయడానికి భయపడతారు. ఇక్కడ మెరుపులేని, ఒకే రంగు గచ్చు ఉంది. రాత్రిపూట పన్నెండు మందికి ఇద్దరు ఆయాలు ఉంటున్నారు, మూడోవారు ఉంటే బాగుండును.

ఇక ఫిర్యాదులు. నెలకు 48,000 రూపాయలన్నారు గానీ డైపర్లు, ఫిజియోథెరపీ, రక్తపరీక్షలు కలిపి 56,000 దాటుతోంది. రెండో నెలలో అమ్మ మూడు కిలోలు తగ్గినా మేము అడిగేదాకా చెప్పలేదు. చెంచాతో పెడితే మూతి తిప్పుకునే మనిషి, కలిపిన పప్పన్నం కంచంలో ముందుంచితే తానే ముద్దలు చేసుకుని తింటుందని మేము వెళ్లి చూపించాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం బరువు చూసి పుస్తకంలో రాస్తున్నారు. వ్యాధి ముదిరి అమ్మ మంచం పట్టినా ఇక్కడే ఉంచుకుంటామని మేనేజరు నోటిమాటగా అన్నారు. దాన్ని ఒప్పందంలో రాసిమ్మని రెండుసార్లు అడిగాము, ఇంకా ఇవ్వలేదు.