స్పిట్‌ఫైర్‌తో తొమ్మిదేళ్లు

1981లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జూనియర్ డాక్టర్‌గా చేరిన కొత్తలో కొన్నాను ఈ కారు, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 4. 1973 మోడల్, 1296 సీసీ ఇంజిన్, రెండే సీట్లు, వెనక్కి మడిచేసే టాప్. అది తయారైన కాన్లీ ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే. ఆఖరి స్పిట్‌ఫైర్ అక్కణ్ణుంచి బయటికొచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

అందరూ దాని అందం చూసి పడిపోతారు. నేను పడింది బానెట్‌కి. మద్రాసులో మా మేనమామకి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. రెండూ ఒక ఇంటి బిడ్డలే. బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. మామయ్య అలాగే కూర్చుని "ఒరేయ్, ఆ స్పానర్ ఇటివ్వు" అనేవాడు.

నడపడం సంగతి. సీటు ఎంత కిందికంటే, 40 మైళ్ల వేగమే 70లా అనిపిస్తుంది. జూన్ సాయంత్రం టాప్ దించి కాట్స్‌వోల్డ్స్ పల్లెల మధ్య వెళ్తుంటే కోసిన గడ్డి వాసన నేరుగా ముక్కుకి తగిలేది. ఇరుకు సందుల్లో మన ఆటోలా తిరిగేది. పాత మోడళ్లలో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకునేది. మార్క్ 4లో వెనక స్ప్రింగ్ మార్చి ఆ భయం చాలావరకు తీసేశారు.

వానకాలం వేరే కథ. అంటే అక్కడ ఏడాదిలో సగం. పాత టాప్ కుట్లు వదిలి మా ఆవిడ వైపు చుక్కలు పడేవి. ఆమె ఒళ్లో తువ్వాలు పరుచుకుని కూర్చునేది, పాపం. ఒక జనవరి రాత్రి టాప్ మడవబోతే వెనక ప్లాస్టిక్ కిటికీ పటుక్కున చిట్లింది. చలికి బిగుసుకున్నదాన్ని మడవకూడదు, తప్పు నాదే.

ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి అందించే రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని వినాలి. నేను స్టెతస్కోప్ బిళ్ల పీకేసి దాని గొట్టంతో వినేవాణ్ణి. ఎడమదానికి ఎప్పుడూ కాస్త ఆయాసం.

కొనేవాళ్లకి అసలు విషయం: ముందు చక్రాల దగ్గరుండే ట్రనియన్లకి (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే కీళ్లకి) గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టించాలి. ఒక వర్క్‌షాప్‌లో గ్రీజు ఎక్కించారు, ఆర్నెల్లకి స్టీరింగ్ బరువెక్కింది. అలాగే వదిలేస్తే చక్రం ఊడొచ్చేది. క్లచ్ తొక్కించి ఇంజిన్ ముందున్న పుల్లీ ముందుకీ వెనక్కీ కదులుతోందేమో చూడండి, కదిలితే క్రాంక్‌షాఫ్ట్‌ని అలా జరక్కుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టే. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పడుతుంది కాబట్టి తలుపుల కింద అంచులు గుచ్చి చూడండి.

డ్యూటీకి వెళ్లడానికి ఉన్నది ఈ ఒక్క కారే అయితే వద్దంటాను. తెల్లారుజామున స్టార్ట్ అవుతుందా లేదా అన్న టెన్షన్ నాకింకా గుర్తే. పక్కన ఇంకోటి ఉంటే మాత్రం కళ్లు మూసుకుని కొనండి.

1990లో పాప పుట్టింది. సీట్లు రెండు, మేం ముగ్గురం. కారు కొందామని చూడ్డానికొచ్చిన కుర్రాడు తాళాలు కూడా అడక్కుండా బానెట్ ఎత్తి టైరు మీద కూర్చున్నాడు. ఇక బేరమాడలేదు.