గేరు రాడ్‌తో పద్నాలుగేళ్లు: జయపురం–సాలూరు ఘాటీ మీద తేలిన సంగతి

ఇది ఏ కారు మీదా సమీక్ష కాదు. గేరు రాడ్ మీద, ఎడమ కాలి కింద ఉండే క్లచ్ మీద. అందుకే కంపెనీ పేర్లు రాయడం లేదు. 2011 నుంచి 2019 దాకా ఒక చిన్న పెట్రోలు మాన్యువల్ కారు నడిపాను. అది 92,000 కిలోమీటర్లు తిరిగాక సాలూరులో మా తమ్ముడి ఇంటికి చేరింది. 2019 నుంచి ఏఎంటీ కారు, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు దానంతట అదే మార్చుకునేది. అది ఇప్పటికి 70,000 దాటింది. మా స్కూల్లో టీచర్లు తమ పిల్లలకి పద్దెనిమిది నిండగానే నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, ఇంకా మాన్యువల్ నేర్పించాలంటారా?" ఒక్కొక్కరికి చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే పోతుందనిపించింది.

నేను ఉండేది ఒడిశాలోని జయపురంలో. పుట్టిల్లు సాలూరు. మధ్యలో నూరు కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, రెండు ఘాటీలు. జయపురం నుంచి కొరాపుట్‌కి ఎక్కేది ఒకటి, పొట్టంగి దాటాక సుంకి మీదుగా ఆంధ్రాలోకి దిగేది ఇంకొకటి. ఈ రోడ్డుకి ఇప్పుడు ఎన్‌హెచ్ 26 అని పేరు. మా నాన్న మాత్రం ఇప్పటికీ పాత నంబరు నలభై మూడు అనే అంటారు. సాలూరు అంటే లారీల ఊరు కదా, నాన్న కూడా ఇరవై ఏళ్ల పైచిలుకు ఇదే దారిలో లారీ తోలారు. నాకు కారు నేర్పింది ఆయనే. ఆయన నేర్పిన సూత్రం ఈ ఘాటీలో ఏ లారీ డ్రైవరును అడిగినా చెబుతారు: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి.

మొదటి కారుతో ఎనిమిదేళ్లలో నాకు ఒంటబట్టింది ఆ ఒక్క మాటే. సుంకి దిగేటప్పుడు రెండో గేరు వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. మలుపు దగ్గర మాత్రమే బ్రేకు ముట్టుకుంటే చాలు. మా చిన్నాన్నలాంటి వాళ్లు దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందనేవారు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో అది ఉత్త మాట. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు పోవడమే ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటుంది. పైగా బండి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అప్పట్లో చిన్నాన్నతో వాదించలేదు. పెద్దాయన కదా, ఆయన బండి ఆయనిష్టం.

ఇక ఏఎంటీ. మన దేశంలో చిన్న కార్లలోకి ఇది 2014లో సెలెరియోతో వచ్చింది. చాలామంది దీన్ని అసలైన ఆటోమేటిక్ అనుకుంటారు. నిజానికి లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు ఒక యంత్రం చేస్తుంది, అంతే. ఊళ్లో తిరిగినంతసేపూ హాయే. జయపురం మెయిన్ రోడ్డులో సాయంత్రం పూట ఆవులు, ఆటోలు, తోపుడు బళ్ల మధ్య మాన్యువల్ నడిపితే ఇంటికొచ్చేసరికి ఎడమ మోకాలు పట్టేసేది. ఏఎంటీ వచ్చాక ఆ బాధ పోయింది. మైలేజీ నా లెక్కలో రెండింటికీ లీటరుకి కిలోమీటరు తేడా కూడా లేదు. గేరు మారేటప్పుడు తల ముందుకి ఊగినట్టుండేది మొదట్లో. మారబోయే ముందు యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఆ ఊపు ఉండదని నాకు రెండో రోజే తెలిసిపోయింది. క్లచ్ బండి నడిపిన కాలికి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

మా అబ్బాయి విషయం వేరు. వాడు నేర్చుకున్నదే ఏఎంటీ మీద. ఎల్ బోర్డు పెట్టుకుని మా కారులోనే తిరిగాడు, అదే కారుతో టెస్టు ఇచ్చాడు, పాసయ్యాడు. ఇక్కడో తమాషా ఉంది. టూవీలర్‌కైతే గేరున్నవీ గేరులేనివీ అని లైసెన్సులో వేరు వేరుగా ఉంటాయి. కారుకి ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) ఒక్కటే. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద టెస్టు ఇస్తే మాన్యువల్ నడపడానికి లైసెన్సు ఇవ్వరు. మన దగ్గర క్లచ్ మీద ఒక్కసారి కాలు పెట్టనివాడికి కూడా కాగితం మీద అన్ని కార్లూ వచ్చినట్టే.

ఆ ఏడు దసరాకి సాలూరు వెళ్తూ సుంకి ఘాటీలో స్టీరింగ్ వాడికిచ్చాను. తప్పు నాదే, ఏం చెప్పకుండా ఇచ్చాను. డి లో, అంటే గేర్లు కారే మార్చుకునే స్థానంలో పెట్టి దిగడం మొదలుపెట్టాడు. డి లో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ వదిలితే గేర్‌బాక్సు తనంతట తాను పై గేరుకి పోతుంది. బండి జారుతుంది. వీడు బ్రేకు మీద కాలు పెట్టాడు, మళ్లీ తియ్యలేదు. నాలుగైదు మలుపులయ్యాక కాలిన కంపు. "ఏటమ్మా ఈ వాసన?" అన్నాడు. ముందు లారీది అనుకున్నాను. కాదు, మాదే. బ్రేకు పెడల్ మామూలు కన్నా కిందికి పోతోందని వాడు అనేసరికి నా ప్రాణం పోయింది. రాడ్‌ని ఎం లోకి, అంటే గేరు మనమే మార్చుకునే స్థానంలోకి లాగి రెండో గేరుకి దింపమన్నాను. ఎలాగో వాడికి తెలీదు. ఆ రాడ్ అలా పక్కకి జరుగుతుందన్న సంగతే అప్పటిదాకా వాడికి అవసరం పడలేదు. నేనే చెయ్యి చాపి లాగాను. సుంకిలో టీ దుకాణం దగ్గర ఆపి మావాడు నీళ్ల బాటిల్ తీసుకుని చక్రం దగ్గరికి పోతుంటే ఒక లారీ డ్రైవరు అరిచాడు: "నీళ్లు పొయ్యకు బాబూ, డిస్కు వంకరపోద్ది. టీ తాగు, అదే చల్లారుతుంది." ముక్కాల్గంట కూర్చున్నాం. టీ బాగుంది, టెన్షన్‌లో రుచి తెలీలేదు.

అలాగని ఆటోమేటిక్‌ని తిట్టలేను. ఎం మోడ్ ఉంది, రెండో గేరు పట్టుకుని దిగొచ్చు. కాకపోతే ఏ గేరు పట్టుకోవాలో, ఎప్పుడు పట్టుకోవాలో ఆ రాడ్ చెప్పదు. క్లచ్ బండి మీద నేర్చుకున్నవాడు ఇంజిన్ చప్పుడు బట్టే పోల్చుకుంటాడు. ఎక్కుడు కూడా అంతే. మా కారులో హిల్ హోల్డ్, అంటే ఎక్కుడులో బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు, లేదు. కొరాపుట్ ఘాటీలో లారీ చెడి జామ్ అయితే, బ్రేకు తీసి యాక్సిలరేటర్ తొక్కేలోపు బండి అడుగు వెనక్కి వస్తుంది. మావాడు మొదట్లో ఎక్కుడులో బ్రేకు వాడకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టేవాడు. అలా చేస్తే క్లచ్ ప్లేటు ఊరికే కాలిపోతుంది. నేనైతే హ్యాండ్‌బ్రేకు వేసి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, బండి ముక్కు లేవగానే బ్రేకు వదులుతాను. అది నాన్న మాన్యువల్ మీద నేర్పిన విద్యే.

వాడు మాన్యువల్ నేర్చుకోవాలని నేను పట్టుబట్టింది మాత్రం ఘాటీ వల్ల కాదు. తర్వాతి ఏడు మా కారు సర్వీసుకిచ్చి సంక్రాంతికి బస్సులో సాలూరు వెళ్లాం. నాకు ఎడమ చీలమండ బెణికి ఉంది. తమ్ముడు ఊళ్లో లేడు. రాత్రి పదకొండింటికి అమ్మకి ఒళ్లు తూలింది, బీపీ పడిపోయింది. వాకిట్లో ఆ పాత మాన్యువల్ కారు ఉంది, తాళం గోడకి వేలాడుతోంది. ఇంట్లో లైసెన్సున్న వాళ్లం ఇద్దరం. నేను క్లచ్ తొక్కలేను, వాడికి రాదు. నాన్నకి చూపు ఆనదు. చివరికి వీధి చివర ఆటో అబ్బాయిని లేపాం. అమ్మకి ఏమీ కాలేదు, తెల్లారేసరికి ఇంటికొచ్చేశాం. మావాడు మర్నాడు తాతయ్య దగ్గరికి తనే వెళ్లి నేర్పమన్నాడు.

నాన్న పద్ధతి నాకు తెలిసిందే. ఊరి చివర ఖాళీ జాగా. మొదటి మూడు రోజులు యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. క్లచ్ ఒక్కటే వదులుతూ, అది పట్టే చోటు కాలికి తెలిసేదాకా బండిని నడక వేగంతో కదిలించాలి, ఆపాలి. మొదటి రోజు పదకొండుసార్లు ఆఫ్ అయింది, నేను లెక్కపెట్టాను. నాన్న కుర్చీ వేయించుకుని కూర్చుని చెబుతున్నారు: "ఏటిరా ఆ తొందర! కాలు తియ్యమన్లేదు, వదులు చెయ్యమన్నాను." నాలుగో రోజు యాక్సిలరేటర్, వారానికి ఎక్కుడులో హ్యాండ్‌బ్రేకు. సెలవులైపోయాక నెలకో రెండు నెలలకో సాలూరు వెళ్లినప్పుడల్లా సాధన. మొత్తం ఇరవై గంటలు పట్టిందేమో. ఆ తర్వాత సుంకి ఘాటీలో ఏఎంటీ వాడికే ఇచ్చాను. చెక్‌పోస్టు దాటగానే వాడి చేతిలో రాడ్ దానంతట అదే ఎం లోకి పోయింది, రెండో గేరు. నేనేమీ అనలేదు.

కాబట్టి నా సలహా: నేర్చుకోండి, కొనక్కర్లేదు. చుట్టాల పాత కారు మీదో, డ్రైవింగ్ స్కూలు కారు మీదో రెండు నెలలు కుస్తీ పడండి. ఆ తర్వాత మీకు నచ్చింది కొనుక్కోండి. ఎలక్ట్రిక్ కార్లకి మార్చుకునే గేర్లే ఉండవు, ఈ చదువంతా ఎందుకు అని మా ఆయన అంటారు. ఆ మాట నిజమే. యాక్సిలరేటర్ వదిలితే వాటి మోటారే బండిని నెమ్మది చేస్తుంది కూడా. కానీ కొరాపుట్ జిల్లాలో ఇప్పటికీ రోడ్డు మీద చాలా బళ్లు క్లచ్ ఉన్న బొలెరోలు, పికప్‌లే. పెళ్లికో, ఆసుపత్రికో మన చేతికొచ్చే తాళం ఏదో మనకి ముందు తెలీదు. చలికాలం పొట్టంగి వైపు బ్యాటరీ నీరసించి స్టార్ట్ కాకపోతే మాన్యువల్‌ని నలుగురూ నెట్టి, రెండో గేరులో క్లచ్ వదిలి లేపొచ్చు. మా ఏఎంటీకి ఆ యోగం లేదు, ఎవరో వచ్చి వేరే బ్యాటరీ నుంచి కేబుల్ పెట్టాల్సిందే.

ఒక్క మినహాయింపు. మా స్కూల్లో ఒకావిడ నలభై అయిదేళ్లకి ఏఎంటీ మీద నేర్చుకుని, ఇప్పుడు తనే నడుపుకుంటూ కొరాపుట్ వెళ్లొస్తున్నారు. పదేళ్ల క్రితం క్లచ్ బండి మీద ఇంట్లోవాళ్లు కసురుకుంటే భయపడి మానేశారట. అలాంటివాళ్లు మాన్యువల్ జోలికి వెళ్లకపోయినా నాకేం అభ్యంతరం లేదు. "అది ఆడవాళ్ల బండి" అని వెక్కిరించే మగవాళ్లు సుంకి దగ్గర టీ దుకాణంలో చాలామందే కనబడతారు. వాళ్లలో బ్రేకులు చల్లారబెట్టుకుంటున్నవాళ్లూ ఉంటారు.

పాత కారుకి ఇప్పుడు క్లచ్ సెట్ మార్చాలట. మావాడు నేర్చుకున్నది దాని మీదే కాబట్టి సగం ఖర్చు నేను పెట్టుకోవాలని తమ్ముడు ఫోన్ చేశాడు. పదకొండుసార్లు ఆఫ్ అయిన సంగతి వాడికెవరు చెప్పారో. డబ్బులు పంపేశాను.