మౌస్ కదిపినా లేవని మానిటర్: డిస్‌ప్లేపోర్ట్ సెటప్ మీద దీర్ఘకాల సమీక్ష

ముందు సెటప్ చెప్తాను. 12 జీబీ మెమరీ ఉన్న 170 వాట్ల మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు. దానికి డిస్‌ప్లేపోర్ట్ అనే రకం వీడియో కేబుల్‌తో 27 అంగుళాల 1440పి (2560x1440 చుక్కలు), 165 హెర్ట్జ్ (సెకనుకు 165 బొమ్మలు) మానిటర్, పక్కన హెచ్‌డీఎంఐతో 24 అంగుళాల మామూలు 60 హెర్ట్జ్ మానిటర్. విండోస్ 11. అనంతపురంలో ఇన్వర్టర్ లైను మీద, పెళ్లి ఆల్బమ్‌లూ ఫ్లెక్సీలూ డిజైన్ చేసే టేబుల్ ఇది. కంపెనీల పేర్లు రాయడం లేదు. కింద చెప్పే జబ్బు ఏ కంపెనీ కార్డుకైనా, ఏ కంపెనీ మానిటర్‌కైనా వచ్చేదే.

రంగులు బాగున్నాయి, కార్డు వేగం ఈ పనికి చాలినంత కంటే ఎక్కువే. వాటి గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఇన్నాళ్ల వాడకంలో ఈ జోడీ పెట్టిన అసలు ఇబ్బంది ఒక్కటే. కాసేపు వదిలేస్తే తెర ఆరిపోతుంది, అంతవరకూ సరే. మళ్లీ మౌస్ కదిపితే చిన్న మానిటర్ లేస్తుంది, పెద్దది 'నో సిగ్నల్' అని చూపించి తిరిగి పడుకుంటుంది. ఒక్కోసారి రెండూ లేస్తాయి గానీ పెద్ద తెర మీద పరిచి పెట్టుకున్న విండోలన్నీ చిన్నదాంట్లోకి వచ్చి కుప్పపడి ఉంటాయి.

ఇలాంటి కేసు సిపియు ఎత్తుకుని సప్తగిరి సర్కిల్ వైపు ఏ అంగడికి తీసుకెళ్లినా మూడు మాటల్లో ఒకటి వినిపిస్తుంది: ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దుదాం, ఫార్మాట్ కొడదాం, కార్డు పోయింది మార్చండి. సిస్టమ్ అసలు ఆన్ కాకపోతే మొదటిదానికి అర్థం ఉంది. తెర ఆరిన తర్వాత మాత్రమే వచ్చే సమస్యకు ఈ మూడూ మందు కాదు. పైగా సిపియు ఒక్కటే తీసుకెళ్తే అక్కడ వేరే మానిటర్, వేరే కేబుల్ తగిలిస్తారు, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. కారణం చాలావరకు ఇంట్లోనే, ఆ కేబుల్ రెండు కొసల మధ్య ఉండిపోతుంది.

ఎందుకో చూద్దాం. డిస్‌ప్లేపోర్ట్‌లో 18వ పిన్ పేరు హాట్ ప్లగ్ డిటెక్ట్. 'నేనున్నాను' అని మానిటరే ఈ పిన్ మీద కార్డుకు చెప్తుంది. ఆ వోల్టేజి 2 మిల్లీసెకన్లకు మించి పడిపోతే కేబుల్ పీకేసినట్టే కార్డు లెక్క వేసుకుంటుంది. చాలా మానిటర్లు కరెంటు ఆదా కోసం గాఢనిద్రలోకి పోయినప్పుడు ఈ పిన్‌ను కూడా వదిలేస్తాయి. అప్పుడు విండోస్ దృష్టిలో ఆ మానిటర్ లేనట్టే, అందుకే విండోలు పక్కదాంట్లోకి తోసేస్తుంది. హెచ్‌డీఎంఐలో కార్డే 5 వోల్టులు పంపిస్తుంది, చాలా మానిటర్లు దాన్నే ఒక రెసిస్టర్ గుండా తిప్పి ఈ సంకేతంగా వెనక్కి ఇస్తాయి. కాబట్టి మానిటర్ ఆరిపోయినా కార్డుకు అది ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకే కార్డుకున్న చిన్న మానిటర్ ఎప్పుడూ పేచీ పెట్టకపోవడానికి కారణం ఇదే, దాని గొప్పతనమేమీ కాదు.

మానిటర్ లేచాక ఇంకో పని ఉంది. రెండు వైపులా కూర్చుని ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకోవాలి, దీన్ని లింక్ ట్రెయినింగ్ అంటారు. కేబుల్ నాసిరకమైతే ఇక్కడే తప్పిపోతుంది. అప్పటిదాకా బాగా నడిచిన తెర నిద్ర తర్వాతే రాకపోవడం అందుకే.

పరీక్ష మొదలుపెట్టే ముందు రెండు నిద్రలను విడదీయాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్‌లోకి వెళ్లి తెర ఆరే సమయం 1 నిమిషం పెట్టి, సిస్టమ్ స్లీప్‌ను 'నెవర్' చేయండి. తెర మాత్రమే ఆరినప్పుడు కూడా సమస్య వస్తే అది మానిటర్, కేబుల్, డ్రైవర్ గొడవ. రాకపోతే, సిస్టమ్ మొత్తం నిద్రపోయినప్పుడే వస్తే, బయోస్, ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్, పవర్ సప్లై వైపు చూడాలి.

ఇప్పుడు తెర నల్లగా ఉండగానే కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉంది. పవర్ బటన్ పట్టుకుని నొక్కి చంపొద్దు, సేవ్ చేయని ఫైలు పోతుంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. బీప్ మని చిన్న శబ్దం వచ్చి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లకేమీ కాదు. దీంతో తెర వస్తే డ్రైవర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. రాకపోతే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌ను మానిటర్ వైపు తీసి, పది సెకన్లాగి పెట్టండి (ఎర్త్ లేని ఇంట్లో ఇది చేయొద్దు, ఎందుకో చివర్లో చెప్తాను). వచ్చిందంటే సంకేతం లేదా లింక్ ట్రెయినింగ్ దగ్గర తప్పుతోంది. దానికీ రాక, మానిటర్ ప్లగ్గును గోడ దగ్గర తీసి పెడితేనే వస్తే మానిటర్ లోపలి సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయిందని అర్థం. మానిటర్ బటన్ నొక్కి ఆర్పితే చాలదు, గోడ దగ్గరే తీయాలి. ఇక క్యాప్స్ లాక్ లైటే కదలకపోతే సిస్టమ్ మొత్తం ఆగిపోయింది, అది వేరే కేసు.

ఈ సెటప్‌లో కేబుల్ తీసి పెడితే తెర వచ్చేది. మందు రెండు చోట్ల దొరికింది.

మొదటిది మానిటర్ మెనూ. 'డీప్ స్లీప్', 'పవర్ సేవింగ్' లాంటి పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది, కొన్నింట్లో 'డీపీ' అని ముందు తగిలించి ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయాలి. అలాగే 'ఆటో సోర్స్' ఆఫ్ చేసి ఇన్‌పుట్‌ను డిస్‌ప్లేపోర్ట్‌కు కట్టేయాలి. లేకపోతే లేచిన మానిటర్ ముందు హెచ్‌డీఎంఐ వెతికి, తర్వాత టైప్-సి వెతికి, ఇటు వచ్చేసరికి కార్డు విసిగి వదిలేస్తుంది. స్టాండ్‌బైలో కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది, బిల్లులో కనపడేంత కాదు. ఈ ఒక్క మార్పుతో విండోలు కుప్పపడటం దాదాపు పోయింది. మానిటర్ కొనే ముందు ఈ ఆప్షన్ ఉందో లేదో చూడమని నా సలహా, 165 హెర్ట్జా 180 హెర్ట్జా అన్న చర్చ కంటే ఇది ముఖ్యం. ఆప్షన్ లేని మానిటర్ అయితే కేబుల్ మధ్యలో తగిలించే ఈడీఐడీ (మానిటర్ గుర్తింపు వివరాలు) ఎమ్యులేటర్ అనే చిన్న డబ్బీ దొరుకుతుంది. అది మానిటర్ తరఫున 'ఉన్నాను' అని చెప్తూ ఉంటుంది. అయితే పూర్తి వేగాన్ని మోయగలదో లేదో దాని వివరాల్లో చూసుకునే తీసుకోవాలి.

రెండోది కేబుల్. దీని మీద కొంచెం ఎక్కువే రాయాలి. డిస్‌ప్లేపోర్ట్‌లో 20వ పిన్ మీద 3.3 వోల్టుల కరెంటు ఉంటుంది, కన్వర్టర్లలాంటి వాటికోసం. మానిటర్‌కూ కార్డుకూ మధ్య వాడే మామూలు కేబుల్‌లో ఈ పిన్‌కు తీగ ఉండకూడదన్నది డిస్‌ప్లేపోర్ట్ నియమాలు రాసే వెసా సంస్థ ప్రమాణం. చవక కేబుళ్లలో కొన్నింట్లో అన్ని పిన్నులూ కలిపేస్తారు. అప్పుడు సిపియు ఆగి ఉన్నా మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు వెనక్కి పోతుంది. సిపియు వెనకాల పవర్ సప్లై స్విచ్ ఆఫ్ చేసి, మానిటర్ ఆన్‌లో ఉంచి, మదర్‌బోర్డు మీద ఏ లైటైనా మిణుకుమంటోందేమో కాసేపాగి చూడండి. మానిటర్ తగిలించి ఉంటే సిస్టమ్ ఆన్ కాకపోవడం, తీసేస్తే అవడం ఇంకో గుర్తు. మల్టీమీటర్ ఉంటే కేబుల్‌ను రెండు వైపులా తీసి, సన్నటి సూదులతో 20వ పిన్నుల మధ్య కంటిన్యూటీ (తీగ కలిసి ఉందా అని) చూడొచ్చు. బీప్ వస్తే ఆ కేబుల్‌ను వాడొద్దు.

ఇక కేబుల్ వేగం లెక్క. 2560ని 1440తో, దాన్ని 165తో, దాన్ని ఒక్కో చుక్క రంగుకు పట్టే 24 బిట్లతో (8 బిట్ రంగు అంటే ఇదే) గుణిస్తే సెకనుకు 14.6 గిగాబిట్లు. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఖాళీ సమయం కలుపుకుంటే 17కి దగ్గరగా వస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 మోసేది 17.28, 1.4 మోసేది 25.92. అంటే ఈ మానిటర్ 1.2కి అంచు మీద నడుస్తోంది, 10 బిట్ రంగు పెడితే దాటిపోతుంది. అదే 60 హెర్ట్జ్‌లో అయితే ఖాళీ సమయం కలుపుకున్నా 6 గిగాబిట్ల లోపే సరిపోతుంది. కేబుల్‌ను అనుమానించాలంటే తేలికైన పరీక్ష ఇదే: రెండు రోజులు 60 హెర్ట్జ్‌లో పెట్టి వాడండి. నిద్ర నుంచి ప్రతిసారీ లేస్తూ, 165కి మార్చగానే మళ్లీ మొరాయిస్తే కార్డు జోలికి పోవాల్సిన పనిలేదు. మానిటర్ మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్‌ను 1.4 నుంచి 1.2కి దించి, రంగు 8 బిట్ పెట్టడం కూడా అదే దారిలో ఇంకో పరీక్ష.

కొత్త కేబుల్ కొనేటప్పుడు 'డీపీ8కె' సర్టిఫికేషన్ ఉన్నది, 2 మీటర్లకు మించనిది తీసుకోండి. మన ఊళ్లో అంగళ్లలో హెచ్‌డీఎంఐ కుప్పలుగా ఉంటుంది, మంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ అడిగితే తెప్పిస్తామంటారు. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి ఎవరితోనైనా తెప్పించుకున్నా అక్కడా సర్టిఫికేషన్ గుర్తు చూసే కొనాలి. తీసేటప్పుడు తల మీద బటన్ నొక్కి తీయాలి, కొక్కేలు ఉంటాయి. ఊరికే గుంజితే కార్డు పోర్ట్ లూజవుతుంది. ఆషాఢం గాలులకు మన వైపు దుమ్ము ఎంత లేస్తుందో తెలిసిందే కాబట్టి వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టడం మంచిది.

విండోస్‌లో మార్చాల్సినవి తక్కువే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల స్థానాలను గుర్తుపెట్టుకునే ఆప్షన్‌ను టిక్ చేయండి, మానిటర్ తీసేస్తే విండోలను మినిమైజ్ చేసే ఆప్షన్ మీ ఇష్టం. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు పోయి పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను (కార్డు లైనులో కరెంటు ఆదా చేసేది) ఆఫ్ చేయండి. డ్రైవర్ మీదే అనుమానముంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, తెర పోయిన సమయానికి 4101 నంబరు ఉందా చూడండి. కార్డు 2 సెకన్లలోగా బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి లేపి ఈ నంబరు రాస్తుంది. అలాంటివి వరసగా ఉంటే ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాత డ్రైవర్ ఊడ్చి కొత్తది వేయండి. నెట్ ఉంటే విండోస్ అప్‌డేట్ మధ్యలో దూరి తనకు నచ్చినది వేసేస్తుంది. ఆ 2 సెకన్ల గడువును రిజిస్ట్రీలో పెంచమనే చిట్కా మాత్రం వదిలేయండి, అది జ్వరం తగ్గడానికి థర్మామీటర్ మార్చడం లాంటిది.

సెకండ్ హ్యాండ్‌లో ఎన్విడియా 900, 1000 సిరీస్ కార్డు కొన్నవాళ్లకు ఒక ముక్క. డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో విండోస్ వచ్చేదాకా తెర నల్లగా ఉండే లోపానికి 2018లో ఎన్విడియానే ఫర్మ్‌వేర్ టూల్ ఇచ్చింది. పాత కార్డుకు అది వేశారో లేదో ముందు చూసుకోండి.

ఇక కరెంటు. సిపియు బాడీకి టెస్టర్ పెడితే వెలుగుతోందా? అయితే ఎర్త్ లేదు. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని బాడీ మీద దాదాపు సగం వోల్టేజి, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. మానిటర్ వేరే బోర్డులో, వేరే ఎర్త్ మీద ఉంటే ఆ తేడా అంతా కేబుల్ షీల్డ్ గుండా పోతుంది. నిద్ర గొడవలతో ఆగదు, కేబుల్ తీసి పెట్టే క్షణంలో పోర్టే కాలిపోవచ్చు. ఎర్త్ లేని ఇంట్లో కరెంటు ఉండగా కేబుల్ తీసి పెట్టే పరీక్ష వద్దు, కేబుల్ ఎప్పుడు తీసినా పెట్టినా ముందు రెంటి ప్లగ్గులూ తీసేయండి. ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలోనూ మన నేల ఎండాకాలంలో బీటలిచ్చేంత ఎండుతుంది, గుంతలో ఉప్పూ బొగ్గూ ఉన్నా తడి లేకపోతే పనిచేయదు. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికో రెండు బిందెలు పోయించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌లో 2, 3 వోల్టులు దాటి చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మానిటర్, సిపియు రెండూ ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ మీద, ఒకే ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. సిపియు ఇన్వర్టర్ మీద, మానిటర్ మామూలు లైను మీద ఉంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కేబుల్ పీకి పెట్టినట్టే. ఇన్వర్టర్ వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. ఎకో మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఎక్కువ, పవర్ సప్లైలు ఫుల్ లోడ్‌లో కరెంటు లేకుండా తట్టుకునేది సుమారు 16 మిల్లీసెకన్లే.

ఇవన్నీ అయ్యాక మిగిలిందేమిటంటే, మానిటర్‌కు పూర్తిగా కరెంటు పోయి వస్తే ఒక్కోసారి విండోలు ఇంకా చెదురుతాయి, డ్రైవర్‌ను లేపే ఆ నాలుగు మీటలూ (విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి) నొక్కాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. కార్డుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మానిటర్‌కు మూడున్నర. ఆ ఒకటిన్నర మార్కు కోత, డీప్ స్లీప్‌ను ఫ్యాక్టరీలోనే ఆన్ చేసి, ఆప్షన్‌ను మెనూలో నాలుగు పొరల కింద దాచినందుకు. డబ్బాలో వచ్చిన కేబుల్‌కు ఒకటి, అది కూడా కొలతకు సరిపోయినందుకు.