మసూరీలో కొన్న కంపాస్, రూర్కీలో తెలిసిన నిజం

మసూరీలో పాత సర్వే పరికరాలు కొనాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. నాకు 6,500 రూపాయలు పోయాయి.

పన్నెండేళ్లుగా మిలిటరీవాళ్లు వాడిన కంపాస్‌లు, టెలిస్కోపులు పోగుచేస్తున్నాను. బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే, అంటే దేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తూ పోయిన సర్వే, నాకు ప్రాణం. ఆయన తర్వాత దాన్ని నడిపిన జార్జ్ ఎవరెస్ట్ ఇల్లు చూడాలని మా ఆవిడనీ బావమరిదినీ వెంటబెట్టుకుని అక్టోబర్‌లో బయల్దేరాను. డెహ్రాడూన్ దాకా రైల్లో హాయిగా వెళ్లాం. అక్కణ్ణుంచి టాక్సీ 1,400.

లాడ్జి మాత్రం పరమ దండగ. రోజుకి 2,800 తీసుకుని, ఫొటోలో లోయ చూపించి, జనరేటర్ వెనక గది ఇచ్చారు. గీజర్ పనిచేయదు, వేడినీళ్లు బకెట్ 60. మూడు బకెట్లకి 180 చేతిలో పెట్టి మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

హాథీపావ్ దగ్గరున్న ఎవరెస్ట్ ఇంటికి చివర్లో నడవాలి. తప్పకుండా వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి. ఒకవైపు డూన్ లోయ, ఇంకోవైపు మంచు కొండలు. అక్కడ కూర్చుని బావమరిదికి లాంబ్టన్ థియోడొలైట్ (కోణాలు కొలిచే పరికరం) కథ చెప్పాను. అర టన్ను బరువు! 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని తనే బాగుచేసుకున్నాడు. లాడ్జి చికాకంతా మర్చిపోయి బావమరిది నోరెళ్లబెట్టి విన్నాడు.

ఆ ఊపులోనే మోసపోయాను. ఊళ్లో ఒక పాత సామాన్ల షాపులో ఇత్తడి ప్రిజ్మాటిక్ కంపాస్ (గాజు ప్రిజంలోంచి చూసి దిక్కు అంకె చదివేది) చూపించారు. మూత మీద లండన్ కంపెనీ పేరు, 1917, బ్రిటిష్ సైన్యపు బాణం గుర్తు. 9,000 చెప్పి 6,500కి ఇచ్చారు.

తిరుగుదారిలో రూర్కీలో ఆగాం. సర్వే పరికరాల తయారీకి పేరున్న ఊరది. అక్కడ పరికరాలు రిపేరు చేసే ఒక పెద్దాయన నా కంపాస్ తిప్పి చూసి, ముందు స్క్రూ మీద గోరు పెట్టారు. ప్లస్ స్క్రూ. అవి వాడకంలోకి వచ్చిందే 1930లలో. తర్వాత డయల్ చూపించారు. ప్రిజంలోంచి చూస్తే సరిగ్గా కనబడాలని అంచు మీది అంకెలు తిరగేసి వేస్తారు, సున్నా దక్షిణం వైపు ఉంటుంది. నాదాంట్లో అంకెలన్నీ మామూలుగానే ఉన్నాయి, ప్రిజంలో కన్ను పెడితే అంతా తలకిందులు. ఇలాంటివి కొత్తగానే చేస్తారు, 900కి మించి చేయదన్నారు. షాపుకి ఫోన్ చేస్తే పెట్టేశారు. కాబట్టి స్క్రూలు చూడకుండా, ప్రిజంలోంచి ఒక అంకె చదవకుండా డబ్బు తీయకండి. అసలుదే దొరికి, దానికి రాత్రి వెలిగే రేడియం పూత ఉంటే గాజు విప్పొద్దు, పూత గోకొద్దు, అది రేడియోధార్మికం.

పెద్దాయన బీరువాలోంచి తోలు పెట్టెలో ఉన్న నిజమైనది తీసి నా చేతిలో పెట్టారు. నల్లరంగు మూలల్లో అరిగి ఇత్తడి బయటపడింది. ప్రిజంలో కన్ను పెడితే సన్నటి గీత కిటికీ ఊచ మీద నిలిచింది, దాని కింద 214 ముత్యంలా కనిపించింది. ఎంతకిస్తారని నాకంటే ముందు మా ఆవిడే అడిగింది. వాళ్ల నాన్నగారిదట, అమ్మనన్నారు.