డాక్సీ ఆపాక ఏమవుతుంది? రీప్రోగ్రామబుల్ ఎలుకలతో కొన్నేళ్ల అనుభవం

యమనాకా కారకాలు అంటే మామూలు కణాన్ని మళ్లీ పిండ దశ మూలకణం లాంటిదిగా (దీన్నే ఐపీఎస్ కణం అంటారు) మార్చే నాలుగు జన్యువులు. అంతకుమించిన నేపథ్యం, 2012 నోబెల్ ఎవరెవరికి వచ్చిందన్నది ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ ఎలుకల గురించి ఆరా తీసేవాళ్లకు అవన్నీ తెలిసే ఉంటాయి. నేరుగా అసలు సంగతికి వస్తాను. రోసా26 అనే జన్యుస్థానం దగ్గర, డాక్సీసైక్లిన్ (డాక్సీ) అనే యాంటీబయాటిక్ అందితేనే ఆ కారకాల్ని నడిపే ఆర్‌టీటీఏ ప్రొటీన్ జన్యువు, కోల్1ఏ1 అనే మరో జన్యుస్థానం దగ్గర ఆ కారకాలైన ఆక్ట్4, కేఎల్‌ఎఫ్4, సాక్స్2, సి-మిక్ నాలుగూ ఒకే క్యాసెట్‌గా (వరసగా కలిపిన ఒకే డీఎన్‌ఏ ముక్కగా) ఉన్న ఎలుకలివి. 2010లో బోస్టన్‌లోని హోఖెడ్లింగర్ బృందం తయారు చేసిన రకం. విశాఖలో మా ల్యాబ్ వీటిని కొన్నేళ్లుగా పెంచుతోంది. వీటి మీద నాకున్న ఇష్టమంతా ఒక్క గుణం వల్ల వచ్చింది. డాక్సీసైక్లిన్ తీసేస్తే ఆ నాలుగు జన్యువులూ ఆగిపోతాయి. మనం అనుకున్న రోజున, మనం ఎంచుకున్న ప్లేట్‌లో ఆగుతాయి.

సెమినార్లలో ఎవరిని అడిగినా "మందు కలిపితే చాలు, వైరస్ గొడవ లేదు" అనే చెబుతారు. నిజమే, అది పెద్ద ఊరట. ఈ జన్యువుల్ని వైరస్‌తో కణాల్లోకి పంపిన రోజుల్లో టైటర్ (వైరస్ సాంద్రత) సరిగ్గా వస్తుందా లేదా అన్న టెన్షన్‌తోనే సగం వారం గడిచేది. ఏ కణంలో ఎన్ని కాపీలు దూరాయో, ఎక్కడ దూరాయో తెలిసేది కాదు. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, ఆపడం మన చేతిలో ఉండేది కాదు. కణం పూర్తిగా మారాక రెట్రోవైరస్ తనంతట తాను మూగబోవాలి, అది కూడా మళ్లీ లేవదన్న నమ్మకం లేదు. 2007లో యమనాకా బృందమే ఐపీఎస్ కణాల నుంచి పుట్టిన ఎలుకల సంతతిలో దాదాపు 20 శాతానికి కణితులు వచ్చాయని రాసింది. సి-మిక్ మళ్లీ పనిచేయడం మొదలుపెట్టడమే కారణం. ఈ ఎలుకలు మా దగ్గరకు వచ్చాక ఆ బెంగ తీరింది.

అయితే ఆపగలగడం ఎంత పెద్ద విషయమో నాకు అర్థమైంది ఒక్క ప్రయోగంలోనే. అదే కాస్త వివరంగా చెప్పాలి.

ఒక ఆడ ఎలుక నుంచి 13.5 రోజుల పిండాలు తీసి, తలా లోపలి అవయవాలూ వేరు చేసి, మిగిలిన కణజాలం నుంచి ఫైబ్రోబ్లాస్టులు (సంయోజక కణజాలపు మామూలు కణాలు) పెంచాం. అందరూ చేసేదే. మేం కోరి చేసింది ఏమిటంటే, ఒకే పిండం కణాల్ని వరసగా ప్లేట్లలో పంచి, అన్నిటికీ ఒకేరోజు డాక్సీ మొదలుపెట్టి, వేరువేరు రోజుల్లో తీసేయడం. కణాలన్నిటిదీ ఒకే జన్యు నేపథ్యం, అన్నిట్లోనూ క్యాసెట్ ఒకే చోట ఉంది. తేడా అంతా ఎన్ని రోజులు మందు తిన్నాయన్నదే. వైరస్‌తో ఈ ప్రయోగం ఇంత శుభ్రంగా రాదు.

మొదటి వారంలో అన్ని ప్లేట్లూ ఒకేలా కదిలాయి. పొడవుగా, మొనదేలి ఉండే ఫైబ్రోబ్లాస్టులు పొట్టిగా అయ్యాయి, ఒకదాని పక్కకు ఒకటి జరిగాయి, అక్కడక్కడ గుంపులు కట్టాయి. తొందరగా మందు తీసేసిన ప్లేట్లు చచ్చిపోతాయనే నేను అనుకున్నాను. సగం దారిలో వదిలేసిన కణం బతికి ఏం చేస్తుంది అని. అవి చావలేదు. గుంపులు మెల్లగా వదులయ్యాయి, అంచుల్లోని కణాలు మళ్లీ సాగాయి, కొన్నాళ్లకు ప్లేట్ మామూలు ఫైబ్రోబ్లాస్టుల సుడుల్లోకి వచ్చేసింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాయి.

చాలా ఆలస్యంగా తీసిన ప్లేట్లలో కాలనీలు (మారిన కణాల గుంపులు) నిలబడ్డాయి, దానికి ఆశ్చర్యపోనక్కర్లేదు. అబ్బురమంతా మధ్య ప్లేట్లలోనే ఉంది. ఒకే ఫీల్డ్‌లో (మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనిపించే మేరలో) పక్కపక్కనే రెండు కాలనీలు కనిపించాయి. ప్లేట్ అడుగున మార్కర్‌తో గుండ్రంగా గీసి పెట్టుకుంటే హుడ్‌లో ఆల్కహాల్ తుడిచినప్పుడల్లా గీత పోతోంది. అందుకని సూదిమొనతో ప్లాస్టిక్ మీద సన్నగా గీసి గుర్తు పెట్టాను. మందు తీసిన మర్నాడు రెండూ ఒకేలా ఉన్నాయి. తర్వాతి రోజుల్లో ఎడమవైపుది అంచు చెదిరి పరుచుకోసాగింది. కుడివైపుది ఇంకా దట్టమై, ఉబ్బి, అంచు చుట్టూ ఆ తెల్లని మెరుపు తెచ్చుకుంది. మా గైడ్ మేడమ్ వచ్చి మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూశారు.

"ఇది నిన్నటి ప్లేటేనా? లేబుల్ సరిగ్గా చూశావా అమ్మా?"

"చూశాను మేడమ్. కింద గీత కూడా ఉంది."

"అయితే రేపు కూడా ఇదే ఫీల్డ్ ఫొటో తియ్యి. రెండూ ఒకే ఫ్రేమ్‌లో రావాలి."

ఆ ఫొటోల వరస ఇప్పటికీ మా ల్యాబ్ మీటింగుల్లో కొత్త స్కాలర్లకు చూపిస్తాం. ఎలుక ఫైబ్రోబ్లాస్టులకు బయటి జన్యువుల తోడు 8 నుంచి 12 రోజులదాకా కావాలని 2008లోనే రెండు బృందాలు చూపించాయి. కణం మారుతోందని చెప్పే గుర్తుల్లో ముందు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, తర్వాత ఎస్‌ఎస్‌ఈఏ1, చివర్లోనే కణం సొంత ఆక్ట్4, నానోగ్ కనబడతాయన్న క్రమం కూడా అప్పుడే తేలింది. ఆ పేపర్లు నేను ముందే చదివాను. కానీ ఒక కాలనీ తన కాళ్ల మీద తాను నిలబడటం, దాని పక్కది నిలబడలేకపోవడం కళ్లతో చూడటం వేరు. రెండింటికీ మందు అందింది అంతే రోజులు. కణాలు అవే. మరి తేడా ఎక్కడ వచ్చింది? నా పరిశోధన ప్రశ్న ఆ ఫీల్డ్‌లోనే పుట్టింది.

డాక్సీ తీయగానే అంతా ఆగిపోతుందని పైన రాశాను కదా, దానికి కొంచెం చేర్పు ఉంది. మీడియం మార్చి, బాగా కడిగాక కూడా అప్పటికే తయారైన ప్రొటీన్ ఉంటుంది, అది తరిగిపోవడానికి సమయం పడుతుంది. రోజుల లెక్కలో చేసే ప్రయోగాలకు ఇది ఇబ్బంది కాదు. గంటల లెక్క కావాలంటే ఈ స్విచ్‌ను నమ్ముకోకండి.

పెంపకం సంగతి త్వరగా చెప్పేస్తాను. సముద్రపు గాలికి మన ఊళ్లో ఏసీ బయటి యూనిట్లే నిలవవు, కేజ్ ర్యాకుల కీళ్లు తుప్పు పట్టకుండా ఉంటాయా. ఆ ఖర్చు ముందే వేసుకోండి. జనరేటర్ లేని చోట ఈ ఎలుకల జోలికి వెళ్లొద్దు. నైతిక కమిటీ, బయోసేఫ్టీ కమిటీ అనుమతులకు పట్టే కాలాన్ని కూడా పీహెచ్‌డీ లెక్కలో కలుపుకోవాలి. డాక్సీ వెలుతురుకు పాడవుతుంది కాబట్టి సీసాకు ఫాయిల్ చుట్టాలి. మందు చేదుకు ఎలుకలు నీళ్లు తాగవు, చక్కెర కలపాలి. చక్కెర కలిపిన మొదటి రాత్రే మా అటెండర్ బాబాయి ఫోన్ చేసి "అమ్మా, సీసా మూతికి చీమలు పట్టేశాయి, ఏం చెయ్యమంటారు?" అన్నారు. ర్యాకు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టించాం. అప్పటినుంచి ఆ బాధ లేదు.

ఇక నన్ను ఎక్కువ కలతపెట్టిన విషయానికి వస్తాను. మందు తీశాక నిలబడిన కాలనీ మంచిదే అయి ఉంటుందని చాలాకాలం మేం ధీమాగా ఉన్నాం. చూడటానికి బాగుంటుంది, ఆక్ట్4 ఉంటుంది, నానోగ్ ఉంటుంది. కానీ సరిగ్గా ఈ రకం ఎలుకల నుంచి వచ్చిన ఐపీఎస్ కణాల్లో చాలావాటికి 12వ క్రోమోజోమ్ మీది డీఎల్‌కే1-డీఐఓ3 అనే జన్యువుల ప్రాంతం తప్పుగా మూతపడిపోతోందని (పనిచేయకుండా పోతోందని) 2010లోనే అదే హోఖెడ్లింగర్ బృందం బయటపెట్టింది. అక్కడి మెగ్3 జన్యువు మూగబోతే, పూర్తిగా ఆ కణాలతోనే ఏర్పడిన ఎలుక పుట్టదు. తర్వాత 2011లో జేనిష్ అనే మరో శాస్త్రవేత్త బృందం, నాలుగు కారకాల పాళ్లు వేరుగా ఉండే తమ ఎలుకల కణాల్లో ఈ సమస్య చాలా తక్కువని చూపించింది. అంటే స్విచ్ ఒక్కటే చూసుకుంటే చాలదు, క్యాసెట్‌లో ఏ జన్యువు ఏ వరసలో ఉంది, ఏ ప్రొటీన్ ఎంత తయారవుతోంది అన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఎలుకలు కొనేటప్పుడు ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే రెండు రకాలూ తెప్పించమని మేడమ్‌ని అడిగేదాన్ని.

దీనికి ఉన్న విరుగుడు మాత్రం చాలా చవక. మీడియంలో విటమిన్ సి కలిపితే ఆ ప్రాంతం మూతపడకుండా నిలుస్తుందని 2012లో తేలింది. మేం ఇప్పుడు అది లేకుండా ఏ ప్లేటూ మొదలుపెట్టం. కాలనీల సంఖ్య కూడా మెరుగైంది.

బతికున్న ఎలుకకు నీళ్లలో డాక్సీ పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఆచితూచి అడుగు వేయండి. మేం చేసింది చాలా కొద్దిగా, అదీ కమిటీ ముందు ఒకటికి రెండుసార్లు కూర్చుని వివరించాక. 2013లో మాడ్రిడ్‌లో సెరానో బృందం ఇలాంటి ఎలుకల్లోనే అవయవం తర్వాత అవయవంలో టెరటోమాలు (రకరకాల కణజాలాలు కలిసిన కణితులు) చూసింది. 2014లో క్యోటో నుంచి వచ్చిన పని నాకు ఇంకా ముఖ్యం. 7 రోజులు మందు ఇచ్చి, తర్వాత 7 రోజులు ఆపితే మూత్రపిండాల్లో విల్మ్స్ ట్యూమర్‌ను (పిల్లల్లో వచ్చే మూత్రపిండ క్యాన్సర్‌ను) పోలిన గడ్డలు వచ్చాయి. మా ప్లేట్‌లో మధ్యలో ఆపిన కణాలు బుద్ధిగా వెనక్కి వెళ్లాయి కదా, శరీరంలో కొన్ని వెనక్కి వెళ్లలేదు, ముందుకూ వెళ్లలేదు. మరోపక్క 2016లో అమెరికాలోని సాల్క్ పరిశోధన సంస్థలో 2 రోజులు మందు, 5 రోజులు విరామం చొప్పున తిప్పితే, అకాల వార్ధక్యం ఉన్న ఎలుకలు ఎక్కువకాలం బతికాయి, కణితులు రాలేదు. ఎప్పుడు ఆపామన్న దాని మీదే రోగమా, ఆయుష్షా అన్నది తేలుతోంది. అందుకే ఈ గుణం మీద నాకు ఇష్టంతోపాటు భయం కూడా ఉంది.

కొనమంటావా అని అడిగితే, నా పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. మాకు చిన్నదైనా సొంత యానిమల్ హౌస్ ఉంది, ఎలుకల్ని బిడ్డల్లా చూసే బాబాయి ఉన్నారు, గైడ్‌కు ఓపిక ఉంది, నా ప్రశ్న మందు ఆపే సమయం గురించి. అందువల్ల నాకు ఇవి ఖర్చుకు తగినవే. మీకు కావాల్సింది ఏదో ఒక ఐపీఎస్ లైన్ (ల్యాబ్‌లో పెరుగుతూ ఉండే కణాల వంశం) మాత్రమే అయితే, ఇంత ఎలుకల కాలనీ మోయడం ఎందుకు? ఎలుకలున్న ల్యాబ్‌తో మాట్లాడుకుని ఫ్రీజ్ చేసిన ఫైబ్రోబ్లాస్టులు తెప్పించుకోండి. తక్కువ పాసేజ్‌వే (తక్కువసార్లు ప్లేట్ మార్చి పెంచినవే) అడగండి, ముదిరినవి సరిగ్గా మారవు.

ఎలుకలే తెప్పించుకునే పనైతే రెండు చోట్లా హోమోజైగస్ (రెండేసి కాపీలు ఉన్న) జంటలు పట్టుబట్టి తీసుకోండి. రోసా26 ఉండేది 6వ క్రోమోజోమ్ మీద, కోల్1ఏ1 11వ దాని మీద. విడివిడిగా సంక్రమిస్తాయి. ఒక్కో కాపీ ఉన్న ఎలుకను మామూలుదానితో కలిపితే రెండూ అందేది నాలుగింట ఒక్క పిల్లకే. ప్రతి ఈతకీ తోక ముక్కలు, పీసీఆర్‌లు, పనికిరాని పిల్లలు. హోమోజైగస్ జంటలు స్థిరపడ్డాక మాకు ఆ పని దాదాపు లేదు, పిండాలన్నీ ఒకేలా వస్తున్నాయి, ప్లేట్ల మధ్య పోలిక కూడా సూటిగా ఉంటోంది.

ప్రస్తుతం విటమిన్ సి వాడకముందు నైట్రోజన్ ట్యాంకులో దాచిన పాత లైన్లు ఒక్కొక్కటీ బయటకు తీసి మెగ్3 చూస్తున్నాం. అది పలికినవి ఉంచుతాం, మిగతావి తీసేస్తాం.