బోధనాసుపత్రిలో ఫార్మ్ డి ఇంటర్న్‌షిప్: ఏడాది శిక్షణపై సమీక్ష

ఆరేళ్ల ఫార్మసీ కోర్సైన ఫార్మ్ డి ఆరో సంవత్సరంలో 6 నెలలు జనరల్ మెడిసిన్‌లోను, తక్కిన 6 నెలలు మరో మూడు విభాగాలలో రెండేసి నెలల చొప్పున పనిచేయాలన్న నిబంధనను, నేను శిక్షణ పొందిన ప్రైవేటు బోధనాసుపత్రి కాగితం మీద తప్పకుండా పాటించింది.

ఈ శిక్షణలో అన్నిటికన్నా విలువైనవి ఉదయపు రౌండ్లు. ప్రతి కేస్‌షీట్‌లోని మందులను, మోతాదులను క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపేది) వంటి పరీక్షా ఫలితాలతో సరిచూసి, అనుమానం కలిగినచోట వైద్యులను నేరుగా అడిగే అవకాశం మాకు ఇచ్చారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్న ఒక పెద్దాయనకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసినప్పుడు, ఆ రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుందని నేను చెప్పగా, ప్రొఫెసర్‌గారు విసుక్కోకుండా విని, రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించి మందు మార్చారు. పుస్తకంలో వల్లెవేసిన వాక్యం ఒక మనిషి ప్రాణానికి సంబంధించినదని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్‌హేలర్ వాడే పద్ధతిని రోగులకు తెలుగులో వివరించి, వారి చేతనే చేయించి చూసేందుకు ప్రత్యేకంగా గది ఉండడం కూడా మెచ్చదగినది.

అయితే కౌంటర్‌లో సిబ్బంది తగ్గినప్పుడల్లా ఇంటర్న్‌లను బిల్లింగ్‌కు పంపడంతో, శస్త్రచికిత్స విభాగంలోని నా రెండు నెలల్లో దాదాపు సగం అక్కడే గడిచిపోయింది. స్టైపెండ్ ఇవ్వలేదు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల భద్రతా పర్యవేక్షణ) కార్యక్రమానికి చేరవలసిన దుష్ప్రభావాల నివేదికలు కొన్ని అల్మరాలోనే ఉండిపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. చేరదలచినవారు, రౌండ్లలో ఇంటర్న్‌లను ఎంతవరకు మాట్లాడనిస్తారో ముందుగా సీనియర్లను అడిగి తెలుసుకోవాలి.